పురిటింటి మట్టి

పోయిన వారం మనం కూర్మయ్యను మిల్లు ఆఫీసు వరండాలో తల వంచుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. మంగళవారం మధ్యాహ్నం జోరువానలో మడ్డిగుంట గట్టు తెగింది. చెరకు రసంలోంచి పంచదార తీసుకోగా మిగిలిన నల్లటి, పులిసిన నీళ్ళన్నీ మిల్లువారు ఆ గుంటలోనే నిలవ పెడతారు. ఆ నీళ్ళు వెళ్ళి గెడ్డలో పడ్డాయి. సాయంత్రానికి గెడ్డ పొడుగునా చేపలు పొట్టలు పైకి పెట్టి తేలాయి. దిగువనున్న గెడ్డవలసలో జనం తాగేవీ, పశువులు తాగేవీ ఆ నీళ్ళే. యాభై ఏడులో మిల్లు కట్టిన నాటినుంచి, అంటే పదకొండేళ్ళుగా, ఆ గట్టుకు కావలి కూర్మయ్య. "ఎలా తెగిందయ్యా?" అని ఓవర్సీరు నరసింగరావు అడిగితే అతను నేలచూపులు చూస్తూ, "నిద్దరపోనాను బాబూ" అన్నాడు.

అది అబద్ధం. అబద్ధమని తెలిసిన మనిషి లోకంలో ఒక్కర్తే ఉంది, ఆమె అతని పెళ్ళాం అసిరమ్మ. ఆ మధ్యాహ్నం ఆమె అంబలి పట్టుకు వెళ్ళేసరికి మొగుడు నెత్తిన గోనె కప్పుకుని, ఆ చివరినుంచి ఈ చివరికి గట్టు మీద తిరుగుతూనే ఉన్నాడు. నిద్రపోయేవాడు అలా వణుకుతూ తిరుగుతాడా? మరి లేని నిద్ర తన నెత్తిన ఎందుకు వేసుకున్నాడు? మూడు రోజులుగా అసిరమ్మ ఈ ముక్కే నములుతోంది, మింగుడు పడటం లేదు.

శుక్రవారం తెల్లారింది. వాన తెరిపి ఇచ్చింది గాని ఆకాశం మొహం ముడుచుకునే ఉంది. పది గంటలకు ఓవర్సీరు వచ్చి గండి చూసి రిపోర్టు రాస్తాడు. కూర్మయ్య దానిమీద వేలిముద్ర వేస్తాడు. కావలివాడు పనివేళ నిద్రపోయాడని ముద్ర పడ్డాక ఇంక చెప్పేదేముంది? కొలువు పోతుంది. కొలువుతో బాటు మిల్లువారిచ్చిన లైనిల్లూ పోతుంది. ఆ ఇంట్లో కూతురు అమ్మడు పన్నెండు రోజుల బాలింత. పుట్టింటికి పురిటికి వచ్చిన పిల్లని, పొత్తిళ్ళలోని పసిగుడ్డుతో సహా ఏ చెట్టు కింద పడుకోబెడతారు? అసిరమ్మ పొయ్యి ముందు కూర్చుని ఇదంతా తలుచుకుని కళ్ళు తుడుచుకుంది. పొగవల్ల అని కూతురితో చెప్పింది.

నిన్న గెడ్డవలసనుంచి తమ్ముడు సోములు వచ్చాడు. అతని ఆవులు గెడ్డ నీళ్ళు వాసన చూసి వెనక్కి తిరిగిపోతున్నాయట, మూడు మైళ్ళు తోలుకెళ్ళి తాగిస్తున్నాడట. అయినా ఒక్క కసురు మాట అనలేదు. మేనకోడలి కొడుకును ఒళ్ళో వేసుకుని చాలాసేపు చూసి, వెళ్ళబోతూ, "అప్పా, బావ నిద్దరపోనాడంటే నానెలాగ నమ్మీది? నా పెళ్ళికొచ్చి కూడా పొద్దున్నే గట్టు సూడాలని పారిపోయిన మనిషి గదా" అన్నాడు. ఆ మాటకు అసిరమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

చోడంబలి ముంత పట్టుకుని, ఉల్లిపాయ చెంగున ముడి వేసుకుని ఆమె గుంట దగ్గరకు బయల్దేరింది. సాలూరు లారీ ఒకటి ఇసక బస్తాలు దింపి, బురదలో దిగబడి, అక్కడే ఉండిపోయింది. గెడ్డకు అడ్డంగా మూడు చోట్ల గడ్డిమోపులు కట్టి ఉన్నాయి. నల్లటి తెట్టు వాటికి అంటుకుని ఆగింది. వంతెన దగ్గర కూలీలు సున్నం చల్లుతున్నారు. ఇవన్నీ మంగళవారం సాయంత్రం కూర్మయ్య పురమాయించిన పనులే. దొరలు గొడుగులు వెతుక్కుంటున్నప్పుడు అతను పీకల్లోతు నీళ్ళలో దిగి మొదటి బస్తా వేశాడు. నిద్రపోయాడన్న మనిషే ఆ పని చేశాడని రిపోర్టులో ఎవరూ రాయరు కదా!

బుధవారమంతా మిల్లు ఆపారు. చెరకు బళ్ళు రోడ్డు పొడుగునా నిలిచిపోయాయని గురువారం మళ్ళీ నడిపించారు. దాంతో గుంట మళ్ళీ మూడొంతులు నిండింది.

కూర్మయ్య గండి దగ్గర బస్తాల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. బస్తాల సందునుంచి ఊరే నీటిని వేలితో తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తున్నాడు. పదకొండేళ్ళుగా పొద్దుటా సాయంత్రం అతను చేసే పని అదే. జారుడుగా ఉంటే భయం లేదు, ఉత్త ఊట. గరుగ్గా తగిలిందంటే మాత్రం నీరు లోపలినుంచి గట్టును తినుకుంటూ వస్తున్నట్టు లెక్క. కొలువులో చేరిన కొత్తలో అసిరమ్మకూ ఇది నేర్పాడు. అప్పట్లో ఆమెకది సరసంగా ఉండేది.

"తాగు మావా, సల్లారిపోతాది."

అతను ముంత ఎత్తి రెండు గుక్కలు తాగాడు. "పల్సగున్నాదే."

"పల్సగా ఉన్నాది అంబలి కాదు, నీ అబద్దం. నిద్దరపోనానని ఏల సెప్పినావు?"

"ఉల్లిపాయ తెచ్చినావా?"

"అడిగిందానికి సెప్పవేటి?"

"అమ్మడు తిన్నాదా? పిల్లడు పాలు తాగతన్నాడా?" అని అతను ముంతలోకి చూస్తూ అడిగాడు. ఇలాంటి మొగుణ్ణి పట్టుకుని ఏ ఆడది మాత్రం ఏం చేస్తుంది? అసిరమ్మ విసుగ్గా మూతి తిప్పి, ఖాళీ ముంత అందుకుని, గట్టు బయటి వైపుకు దిగింది.

బస్తాలు గుంట వైపునే వేశారు. బయటి వైపు తెగిన చోటు ఇంకా తెరుచుకునే ఉంది, పనసకాయ కోసినట్టు గట్టు లోపలంతా కనిపిస్తోంది. పైన ఎర్రమట్టి, దానికింద గ్రావెలు, అన్నిటికీ అడుగున గట్టు కట్టినప్పుడు చెరువులోంచి బళ్ళతో తోలించి దిమ్మిస కొట్టించిన నల్లటి బంకమట్టి. ఆ బంకమట్టిలో ఒకచోట మనిషి కూర్చోగలిగేంత గుంత. ఆ గుంత నిండా మిల్లు బాయిలర్లోని బొగ్గుబూడిద. నీళ్ళకు సగం కొట్టుకుపోగా సగం ఇంకా మిగిలి ఉంది. గుంత పక్కనే విరిగిన తాటిమొద్దు.

తాటిమొద్దు చూడగానే అసిరమ్మ ఆ చోటు పోల్చుకుంది. ముంత పక్కన పెట్టి అక్కడే చతికిలబడింది.

రెండు వారాల కిందట పొద్దున్నే ఆమె ఇక్కడికే వచ్చింది. తొలిచూలు పురుటికి కూతురు పుట్టింటికి వస్తోంది. పురిటిగది నేల కొత్తగా మెత్తి అలక్కపోతే ఇక ఆ తల్లి తల్లేనా? లైను చుట్టుపట్ల అంతా గులకమట్టి, ఎంత మెత్తినా పగుళ్ళు. గట్టు అడుగు మట్టి మాత్రం వెన్నముద్ద. గచ్చులా పట్టుకుంటుంది, చీమ కూడా దూరదు. ఆ సంగతి లైనులో ఆడవాళ్ళందరికీ తెలుసు. అది ముట్టుకోకూడదనీ తెలుసు. ఎందుకు తెలుసంటే, కావలివాడి పెళ్ళాం అసిరమ్మే వాళ్ళకు వేయిసార్లు చెప్పింది. ఒకసారి నాలుగో ఇంటి జగ్గమ్మ తట్టతో దొరికిపోతే నడివీధిలో నిలబెట్టి, దొంగముండ అని తిట్టి, ఆ మట్టి మళ్ళీ ఆమె చేతే పారబోయించింది. అంత నోరున్న మనిషి, "నా ఒక్కదానికే గదా, ఎనిమిది తట్టలే గదా" అని తనకు తాను సర్దిచెప్పుకుని, చీకట్లు విడకముందే తవ్వుకుపోయింది. ఎనిమిది అనుకున్నది పద్నాలుగయింది. కడుపుతో ఉన్న కూతురి కోసం పడే ఆరాటానికి లెక్కలు ఎప్పుడు నిలిచాయి గనక?

గెడ్డలో తేలిన చేపలు, వెనక్కి తిరిగిపోయిన తమ్ముడి ఆవులు, మొగుడి కొలువు, అన్నీ ఆ పద్నాలుగు తట్టల దగ్గరకే వచ్చి ఆగాయి. అయ్యో, ఎంత పని చేశాను! అని ఆమె నోరు నొక్కుకుంది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. తాను గుంత తవ్విందే గాని పూడ్చలేదు. మరి బూడిద పోసిందెవరు?

తల పైకెత్తి చూసింది. కూర్మయ్య గట్టు మీద నిలబడి ఆమెనే చూస్తున్నాడు. ఎంతసేపటినుంచి చూస్తున్నాడో.

"మావా, ఈ గుంత నువ్వే పూడ్సినావా?"

"ఏ గుంత?"

"నా గుంత."

అతను మెల్లిగా దిగి వచ్చి, ఆమె పక్కనే తాటిమొద్దు మీద కూర్చున్నాడు. తలపాగా తీసి మోకాలిమీద వేసుకున్నాడు.

"నీకెప్పుడు తెలిసినాది?" అని అడిగిందామె.

"అమ్మడొచ్చిన రోజే. గదిలో కాలెట్టినాను. పదకొండేళ్ళు తొక్కిన మట్టి, నా కాలికి తెల్దేటే?"

"తెలిసీ ఒక్క మాటనేదా!"

"అందామనే నోరు తెరిసినాను. నువ్వు గది మెత్తీసి, మోసేతులదాకా మట్టితోటి గుమ్మంలో కూకుని ఆ నేలకేసే సూస్తన్నావు. మన పెళ్ళయి పాతికేళ్ళయినాది గదా, నీ మొకం అలగ నానెప్పుడూ సూడనేదు. తిట్టడానికి నోరు రానేదు." అతను తల గోక్కున్నాడు. "మర్నాడొచ్చి బూడిద పోసినాను. పైన మట్టేసి దిమ్మిస కొడదామనుకుంటే అమ్మడికి నెప్పులొచ్చినాయని కబురొచ్చినాది. అలాగే ఒగ్గీసి పరిగెట్టినాను. పిల్లడు పుట్టినాడు. ఇంక ఆ బుర్రలో దిమ్మిసేటి, గట్టేటి? రేపు రేపంటన్నాను. ఈలోగా వానొచ్చినాది."

అసిరమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దుఃఖం కన్నా ఎక్కువగా ఆమెను కుదిపేసింది ఇంకొకటి. ఈ మనిషి పొద్దున్నే అంబలి పలచన అంటాడు, కూరలో ఉప్పు తక్కువ అంటాడు, ఒక్కనాడు నువ్వు బాగున్నావని అన్న పాపాన పోలేదు. అటువంటివాడు రెండు వారాలుగా ఆ మట్టి పక్కనే పడుకుని లేస్తూ, తన తప్పు తనకే తెలియకుండా కప్పి ఉంచాడు. ఇంత ప్రేమ ఈ మొరటు మనిషి ఎక్కడ దాచుకున్నాడో అని ఆమెకి ఆశ్చర్యం వేసింది, కోపమూ వచ్చింది.

"అయితే ఉన్నదున్నట్టు సెప్పొచ్చు గదా! దిమ్మిస కొట్టనేదని సెప్పొచ్చు గదా!"

"గుంతెవులు తవ్వినారని అడుగుతారు. నిద్దరపోనానంటే మరింకేటీ అడగరు." అతను ఆమె చెయ్యి తీసుకుని, వేళ్ళకంటిన బూడిద తన తలపాగాతో తుడిచాడు. "నీది తట్టెడు మట్టి. నాది కొలువు. గుంత సూసి సరిగ్గా పూడ్సనోడిదే తప్పు. నువ్వు నోరెత్తకు."

ఆ చెయ్యి వదిలించుకోవడానికి అసిరమ్మకు మనసు రాలేదు. ఇద్దరూ అలా కూర్చుని ఉండగానే గట్టు మీద సైకిలు గంట వినిపించింది.

నరసింగరావు పాంటు మడమల పైకి మడిచి, చేతిలో అట్ట, అట్టమీద కాగితంతో వచ్చాడు. చెడ్డవాడేం కాదు. విజయనగరంలో చదువుకున్న కుర్రవాడు, పని చేసేవాళ్ళను ఏకవచనంలో పిలవడానికి మొహమాటపడే రకం. అతని వెనకాలే మట్టి మోయడానికి లైనులోని ఆడవాళ్ళు పదిమంది తట్టలతో వచ్చారు. జగ్గమ్మ అందరికంటే ముందుంది. అసిరమ్మ చప్పున కళ్ళు తుడుచుకుని లేచింది.

"రాసుకొచ్చానయ్యా," అన్నాడు నరసింగరావు. మొహం చూస్తే అతనికీ రాత్రి సరిగ్గా నిద్ర పట్టినట్టు లేదు. "కావలివాడు నిద్రపోవడం వల్ల నీటిమట్టం పెరగడం గమనించలేదు, గట్టు తెగింది. అంతేనా? ఇంకేమైనా చెప్పేదుంటే ఇప్పుడే చెప్పండి."

"ఏటీ నేదు బాబూ."

నరసింగరావు ఇంకుప్యాడు తెరిచి పట్టుకున్నాడు. కూర్మయ్య బొటనవేలు పంచెకు తుడుచుకుని, ఇంకులో అద్ది, కాగితం మీదకు వంగాడు.

అసిరమ్మ ఒక్క అంగలో వెళ్ళి మొగుడి మణికట్టు పట్టుకుంది.

"ఆగు మావా. బాబూ, ఆ కాయితమ్ముక్క తప్పు. నా మొగుడు నిద్దరపోనేదు. గట్టు నాను తవ్వినాను."

"ఒసే, ఊరుకో!" అన్నాడు కూర్మయ్య.

"ఊరుకోను. ఊరుకునే ఇంత జరిగినాది." ఆమె ఆగలేదు. పురిటిగది సంగతి, ఎనిమిదనుకున్న తట్టలు పద్నాలుగయిన సంగతి, బూడిద సంగతి, అన్నీ చెప్పేసింది. చెప్పినంతసేపూ ఆడవాళ్ళ వైపు చూడలేదు. తల కొట్టేసినట్టుగా ఉంది. ఎవరిని ఏ మట్టికోసం దొంగముండ అన్నదో ఆ జగ్గమ్మ ఎదురుగా నిలబడి వింటోంది. నవ్వనీ, ఉమ్మనీ, నడివీధిలో తనను నిలబెట్టనీ, పడతాను అనుకుంది అసిరమ్మ. "నా మొగుడి ముద్ర ఒద్దు బాబూ. ఏల్సిందంటే నా ముద్ర ఏయించుకోండి."

ఎవరూ నవ్వలేదు. తట్ట కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"వొదినా," అంది జగ్గమ్మ. ఆమె మొహం పాలిపోయి ఉంది. "ఆ రోజు నువ్వు నా సేత పారబోయించినావు సూడు. మర్నాడు మళ్ళీ వొచ్చినాను. కోపం కొద్దీ పది తట్టలట్టుకెళ్ళినాను."

"ఎక్కడ?" అన్నాడు కూర్మయ్య.

"తూముకాడ."

ఆమె వెనకాలనుంచి మరో చెయ్యి లేచింది, తూముకీ తాటిమొద్దుకీ మధ్య రెండు తట్టలట. ఇంకొకామె తూము దగ్గరే నాలుగంది. నరసింగరావు ఒకరి తరువాత ఒకరిని వింటూ, కాగితం తిరగేసి, దాని వీపు మీద గట్టు బొమ్మ గీసి, ఒక్కొక్క చోటా గుర్తు పెట్టుకున్నాడు. కూర్మయ్య ముద్ర పడవలసిన చోటు ఖాళీగానే ఉండిపోయింది.

"ఈ ముక్క మంగళవారం తెలిస్తే మిల్లు మళ్ళీ నడపనిచ్చేవాణ్ణి కాదు," అన్నాడతను నెమ్మదిగా. "నాదీ తప్పే. నిద్రపోయానంటే నమ్మి రాసుకున్నాను గాని, గట్టుకు ఏమయిందని చూడలేదు." అసిరమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. ఓవర్సీరు తనకు దండం పెట్టడమేమిటో ఆమెకి బోధపడలేదు.

కూర్మయ్య ఇదేమీ చూడటం లేదు. అతని చూపు తూము వైపే ఉంది. "బాబూ, మిల్లుకు కబురంపండి. గుంటలోకి ఇంక సుక్క ఒదలొద్దనండి. ఓలమ్మలూ, బస్తాలు తూముకాడికి మొయ్యండి!" అంటూ అప్పటికే పరుగు అందుకున్నాడు. నరసింగరావు సైకిలెక్కి మిల్లు వైపు తొక్కాడు. జగ్గమ్మ బస్తా నెత్తికెత్తుకుంది.

గట్టు మీది దారి చుట్టుదారి. అసిరమ్మ కిందినుంచి, అడ్డదారిన పడి పరిగెత్తింది. తూము గుంటకు తూర్పు కొసన ఉంది, దాని పల్లంలోనే లైనిళ్ళు. మొదటి ఇల్లు తమది. గట్టుకు దగ్గరని కోరి మరీ తీసుకున్నాడు కూర్మయ్య.

జగ్గమ్మ తవ్విన చోట గడ్డి మొలిచి ఉంది. చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. ఆ గడ్డి మొదట్లో చేరెడంత నీళ్ళు నిలిచాయి, వాటి మధ్య చిన్న బుగ్గ మెల్లగా పైకి లేస్తోంది. అసిరమ్మ మోకాళ్ళ మీద కూలబడి, రెండు వేళ్ళు ముంచి, కొలువు కొత్తలో మొగుడు నేర్పినట్టే నలిపి చూసింది.

గరుగ్గా తగిలింది.

నమ్మలేక మళ్ళీ ముంచింది. మళ్ళీ గరుగ్గానే తగిలింది. "మావా!" అని అరవబోయి గట్టు వైపు తిరిగింది. అంతలో ఇరవై అడుగుల దూరంలో తమ ఇంటి తలుపు తెరుచుకుంది. పసివాణ్ణి భుజాన వేసుకుని, నిద్రకళ్ళతో అమ్మడు గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, ఇదేటే? గదిలో నేలంతా సెమ్మగిల్లతన్నాది!"